మిగులు వాటా

లెక్కల్లో తనను మించినవాడు పెదబయలుకి ఇవతల లేడని ఫల్గుణకు గట్టి నమ్మకం. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు వదిలేసి కాఫీ తోటలోకి వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నా ఆ నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు. అలాంటివాడు, సంఘం ఎన్నికలు ఇంకా నాలుగు రోజులున్నాయనగా మేనత్త ఈశ్వరమ్మ వాకిట్లో కూర్చుని, ఫోన్లో లెక్క కట్టి మొహం వేలాడేశాడంటే సంగతి నిజంగానే బాగోలేదన్నమాట.

"ఓడిపోయాం అత్తా," అన్నాడు.

"ఓట్లే ఎయ్యనేదు, అప్పుడే ఓడిపోనామేటిరా?" అంది ఈశ్వరమ్మ, అంబలి కోసం చేటలో చోళ్ళు చెరుగుతూ.

ఓట్లు వెయ్యకపోయినా ఎవరి ఓటు ఎటో చెప్పడానికి ఆ కొండల్లో జోస్యం అక్కర్లేదు. చింతగెడ్డ కాఫీ రైతుల సంఘంలో సభ్యులు రెండు వందల యాభై మంది. అందరూ అందరికీ తెలుసు. కమిటీలో కుర్చీలు అయిదు. మొన్నటిదాకా ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే అయిదు కుర్చీలూ వాళ్ళవే కాబట్టి, రోడ్డు పక్కనున్న పెద్ద ఊరు దారివలస వాళ్ళే ప్రతిసారీ కూర్చునేవాళ్ళు. మిగతా ఊళ్ళు నిలబడి చూసేవి. అది న్యాయం కాదని ఈసారి నియమం మార్చారు. ఎన్నికల అధికారిగా వచ్చిన సుజానా టీచరు అరకులోయలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ ఊరూరా తిరిగి కొత్త పద్ధతిని విడమరిచి చెప్పింది. ఓటు మనిషికి కాదు, జట్టుకి. ప్రతి యాభై ఓట్లకీ ఒక కుర్చీ. అలా పంచగా కుర్చీలు మిగిలిపోతే, యాభైలు తీసేశాక ఎవరి దగ్గర ఎక్కువ ఓట్లు మిగిలాయో చూసి, పెద్ద మిగులు ఉన్నవాళ్ళకి ముందుగా, ఒక్కొక్కటే ఇస్తారు.

జట్లు మూడు. దారివలసది జీపు గుర్తు. నాయకుడు సర్వేశ్వరరావు, రెండు జీపుల ఆసామి. కొండ కింది లోవలోని ఊళ్ళన్నీ కలిసి గంప గుర్తు. దాని జాబితాలో మొదటి పేరు హేమలతది, రెండో పేరు మన ఫల్గుణది. కొండ మీదున్న మెట్టగుడ వాళ్ళది సొరబుర్ర గుర్తు. వాళ్ళ జాబితాలో ఒక్కటే పేరు, సోని.

ఈ హడావుడంతా ఒక మిషన్ కోసం. కాఫీ పళ్ళ తోలు తీసే పల్పరు ఒకటి సంఘానికి మంజూరైంది. పండు కోసిన రోజునే తోలు తియ్యాలి. రాత్రి నిలవుంటే పులుస్తుంది, పులిసిన గింజని రెండో రకంలోకి తోసేస్తారు. పల్పరు చింతగెడ్డ వాగు దగ్గర పెడితే లోవకీ మెట్టగుడకీ నడిమధ్యన ఉంటుంది, నీళ్ళూ ఉంటాయి. దారివలసలో పెడితే మెట్టగుడ ఆడవాళ్ళు పళ్ళ బస్తాలు నెత్తిన పెట్టుకుని ఎప్పటిలాగే ఆరు కిలోమీటర్లు దిగాలి. రెండేళ్ళ కిందట అలా దిగుతూనే సోని మంచుకి తడిసిన రాతి మీద జారింది. విరిగిన కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ కుంటికాలితోనే ఇప్పటికీ బస్తా మోస్తోంది. మిషన్ ఎక్కడ పెట్టాలో తేల్చేది కొత్త కమిటీ. అయిదుగురిలో ముగ్గురు ఎటంటే అటు.

"చూడత్తా," ఫల్గుణ ఫోను చూపించాడు. "జీపుకి నూట ఇరవై నాలుగు. మనకి నూట ఎనిమిది. మెట్టగుడకి పద్దెనిమిది. జీపుకి రెండు కుర్చీలు, మనకి రెండు. ఆఖరి కుర్చీకి వాళ్ళ మిగులు ఇరవై నాలుగు, మన మిగులు ఎనిమిది, సోని దగ్గర పద్దెనిమిది. ఆఖరిదీ జీపుదే. మూడు వాళ్ళవి. పల్పరు దారివలసకే."

ఈశ్వరమ్మ చేట పక్కన పెట్టింది. ఆవిడ బడి మొహం చూడలేదు గానీ వాటాల్లో పండిన మనిషి. కొండదేవత పండగలో మేకను కోశాక ఇంటికో అడ్డాకు పరిచి మాంసం కుప్పలు పెట్టడం ఆవిడ భర్త పని. ఆయన పోయాక మగవాళ్ళు రెండేళ్ళు పెట్టి చూశారు. రెండేళ్ళూ తగువులే. మూడో ఏడు పెద్దలే వచ్చి ఈశ్వరమ్మను పిలిచారు. అప్పట్నుంచి లోవలో వాటా గురించి మాట రాలేదు.

ఆవిడ లోపల్నుంచి రాజ్మా గింజల బుట్ట, మూడు అడ్డాకులు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఓటుకో గింజ చొప్పున ఒక ఆకులో నూట ఇరవై నాలుగు, ఒక ఆకులో నూట ఎనిమిది, ఇంకో ఆకులో పద్దెనిమిది పోసింది. లెక్క పెట్టేసరికి చోళ్ళ చేట మీద కోడి ఎక్కింది. దాన్ని తోలి మళ్ళీ కూర్చుంది.

"యాబై గింజలకో కుప్ప. కుప్పలోకి రాకుండా ఎవలికాడ ఎక్కువ మిగిల్తే ఆళ్ళకి ఆఖరి వాటా. అంతే కదేటి? పండగ మేక లెక్కే ఇది. దీనికి టీచరమ్మ ఊరూరా తిరగాలేటి?"

ఫల్గుణకు అప్పుడే తట్టింది. గింజలు కళ్ళ ముందుండగా తట్టకపోతే ఎలా? గంప కుప్పలో అదనంగా ఉన్న ఎనిమిది గింజలూ తీసి సొరబుర్ర ఆకులో వేశాడు. పద్దెనిమిది ఇరవై ఆరయ్యాయి. జీపు మిగులు ఇరవై నాలుగు.

"అత్తా! మన మిగులు ఎనిమిదీ మనకెలాగూ పనికిరావు. అవి సోనికి వేయిస్తే ఆఖరి కుర్చీ సోనిదే. మన రెండూ మనకుంటాయి. రెండూ ఒకటీ మూడు. పల్పరు గెడ్డ దగ్గరికే!" అంటూ అరుగు మీంచి దూకాడు. ఈ ఆలోచన రాష్ట్రంలో ఇంకెవరికీ వచ్చి ఉండదని అప్పుడే ఓ నిర్ణయానికి వచ్చేశాడు.

"బాగున్నాది," అంది ఈశ్వరమ్మ. "మరి తొమ్మిదిత్తే?"

"అమ్మో! ఒక్కటి తగ్గినా మనకి తొంభైతొమ్మిదే. రెండో కుర్చీ గోవిందా. ఆ రెండో పేరు ఎవరిదో తెలుసుగా? నీ మేనల్లుడిది. ఎనిమిదంటే ఎనిమిదే. ఎవరెవరన్నది నువ్వే చూడు, ఆడవాళ్ళు నీ మాట వింటారు."

"ఓహో," అంది ఆవిడ. ఫల్గుణ హేమలతకు ఫోను చేసే సంబరంలో ఉన్నాడు గనుక, మేనత్త గంప కుప్పలోంచి ఒక్కో గింజే తీసి సొరబుర్ర ఆకులోకి జరుపుతూ, ప్రతి గింజకీ ఆగి మూడు ఆకులూ చూసుకోవడం గమనించలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మెట్టగుడ ఎక్కారు. సోని వాళ్ళను కూర్చోబెట్టి అంబలి ఇచ్చింది. ముప్పై దాటని మనిషి, మాట పొదుపు. ఊళ్ళోని సభ్యులంతా చుట్టూ చేరారు. ఫల్గుణ లేచి నిలబడి, ఎనిమిది ఓట్లు లోవ నుంచి వస్తున్నాయనీ, వాటితో ఆఖరి కుర్చీ సోనిదేననీ మీటింగులో చెప్పినట్టు చెప్పాడు.

జనం చప్పట్లు కొడతారనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎనిమిది మందేటి అన్నా?" అంది సోని. "ఎవలెవలు?"

"అది చెప్పకూడదు చెల్లీ. ఓటు రహస్యం."

"పేర్లు తెల్దంటే ఎలగ? ఎవలి సాయమో తెలాలి కదేటి మాకు?"

ఫల్గుణ నవ్వేసి, "పేర్లతో పనేంటి? వేస్తారు, నాదీ పూచీ," అన్నాడు. వెనక నిలబడ్డ ఒక ముసలావిడ వేళ్ళు ముడిచి ఎనిమిది లెక్కపెట్టుకుంది. ఈశ్వరమ్మ అంబలి తాగుతూ ఆ వేళ్ళవంకే చూసింది.

దిగేటప్పుడు సగం దారిలో ఈశ్వరమ్మ ఒక రాతి మీద కూలబడింది.

"ఒరే, ఆ గుంట పేర్లెందుకడిగినాదో తెలిసినాదేటి నీకు?"

"ఇంకెందుకు, సంతోషం పట్టలేక."

"ఊ," అని ఆవిడ కాసేపు కొండవైపు చూసి, "బేగి పద, పళ్ళు కొయ్యాల," అంది.

ఆ తరవాత రెండు రోజులూ ఈశ్వరమ్మ తన తోటలో పని మానేసి ఊరందరి తోటల్లోనూ తిరిగింది. ఒక మొక్క దగ్గర నాలుగు పళ్ళు కోసేది, పక్కనున్న మనిషి చెవిలో ఒక మాట చెప్పేది, మరో తోటకి పోయేది. ఎనిమిది మందికి చెప్పడానికి రెండు రోజులెందుకో ఫల్గుణకు అర్థం కాలేదు. వయసు మీద పడింది, పాపం, అనుకున్నాడు.

ఎన్నిక దారివలసలోని సంఘం షెడ్డులో జరిగింది. అక్కడికి వెళ్ళేసరికి అందరికీ ముందుగా కనిపించింది షెడ్డు పక్కన కొత్తగా తవ్విన పునాది. పల్పరు కోసం సర్వేశ్వరరావు అప్పుడే తవ్వించేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మనిషి చెడ్డవాడేం కాదు, జీపులో ఎంతమందినో ఊరికే ఆస్పత్రికి తీసుకుపోయినవాడే. తన ఊరి బాగే అందరి బాగు అనుకుంటాడు, అంతే.

"ఏటి ఫల్గుణా, లెక్కలు కట్టినావటగా? మూడు మావే కదా?" అని భుజం తట్టాడు.

"చూద్దాంలే బావా," అన్నాడు ఫల్గుణ, లోపల నవ్వుకుంటూ.

మెట్టగుడ వాళ్ళు పద్దెనిమిది మందీ వరసలో దిగివచ్చారు. అందరికన్నా ముందు సోని, కాలు ఈడ్చుకుంటూ. ఆ కాలు చూడగానే ఫల్గుణకు నవ్వు ఆగిపోయింది. దేవుడా, ఈ ఒక్కసారికి నా లెక్క తప్పనీయకు అని దండం పెట్టుకున్నాడు. రెండు వందల యాభై మందిలో ఒక్కరు కూడా మానలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుజానా టీచరు కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టె తెరిచింది. ప్రతి కాగితం ఎత్తి అందరికీ చూపించి, గుర్తు చదివి, మూడు కట్టలుగా పెట్టింది. తరవాత ఒక్కో కట్టా రెండేసి సార్లు లెక్కపెట్టింది.

"జీపు, నూట ఇరవై నాలుగు."

ఫల్గుణ ఛాతీ పొంగింది. అచ్చంగా తన లెక్కే.

"గంప, తొంభై ఆరు."

వంద ఉండాలి. ఎవరు మోసం చేశారు? ఫల్గుణ చుట్టూ చూశాడు. లోవ ఆడవాళ్ళు తాపీగా కూర్చుని ఉన్నారు. ఒక్కళ్ళ మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు. ఈశ్వరమ్మ అయితే ఏకంగా చుట్ట వెలిగిస్తోంది.

"సొరబుర్ర, ముప్పై."

సర్వేశ్వరరావు తను తవ్వించిన పునాదివైపు ఒకసారి చూసి, "గంప వందకి రానేదు, మరి రెండో కుర్చీ నేదు కదా టీచరమ్మా?" అన్నాడు. ఫల్గుణ కూడా అదే అనుకున్నాడు గాని, పైకి అనే ఓపిక లేదు.

"ఆగవయ్యా," అంది సుజానా టీచరు. బోర్డు మీద సుద్దముక్కతో రాస్తూ చెప్పింది. "యాభైల లెక్కన జీపుకి రెండు కుర్చీలు, గంపకి ఒకటి, సొరబుర్రకి ఏమీ లేదు. అంటే పంచింది మూడు. ఇంకా రెండు మిగిలాయి. ఇప్పుడు మిగులు ఓట్లు చూద్దాం. జీపుకి ఇరవై నాలుగు. గంపకి నలభై ఆరు. సొరబుర్రకి ముప్పై. అందరికన్నా పెద్ద మిగులు గంపది, ఒక కుర్చీ. తరవాత సొరబుర్రది, ఒక కుర్చీ. గంప నుంచి హేమలత, ఫల్గుణ. సొరబుర్ర నుంచి సోని."

మెట్టగుడ ఆడవాళ్ళు వేసిన కేక గెడ్డ దాకా వినబడి ఉంటుంది. సర్వేశ్వరరావు కూడా బోర్డు రెండుసార్లు చదువుకుని, "పోన్లే, గొయ్యి వృథా కాదు, అరిటి మొక్క పాతుకుంటాను," అన్నాడు. అందరూ నవ్వారు.

ఫల్గుణ మాత్రం ఇంకా తొంభై ఆరు దగ్గరే ఉన్నాడు. బయట గట్టు మీద కూర్చున్న మేనత్త దగ్గరికి పోయాడు. "అత్తా, ఎనిమిది అనుకుంటే పన్నెండు పోయాయేంటి?"

ఆవిడ జవాబు చెప్పేలోపు సోని వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. వంగి ఈశ్వరమ్మ కాళ్ళకు దండం పెట్టి, ఫల్గుణతో గర్వంగా అంది, "అన్నా, మీ ఎనిమిదికీ మా ఎనిమిది ఏసీసినాం. మాలో ఎనిమిది మంది గంప మీద గుద్దినారు. పేర్లు తెల్దు కదా, అందుకే అందరికీ కలిపి ఒక్కసారే బదులు తీర్సీసినాం."

ఫల్గుణ నోరు తెరిచాడు. మూయడానికి కాసేపు పట్టింది.

ఆ కొండల్లో బదులు అంటే ఏమిటో అతనికి తెలియక కాదు. నీ పొలంలో నేను ఒక రోజు కలుపు తీస్తే, నా పొలంలో నువ్వు ఒక రోజు తీస్తావు. తీసుకున్న రోజు తిరిగి ఇచ్చేదాకా మెట్టగుడ మనిషికి అన్నం సయించదు. ఓటు సాయాన్ని కూడా వాళ్ళు అలాగే తీసుకున్నారు, అలాగే తిరిగి ఇచ్చారు. తన లెక్క ప్రకారం ఎనిమిదే పైకి పోయి ఉంటే, ఎనిమిదీ కిందికి వచ్చేసేవి. ఫల్గుణ ఫోను తియ్యకుండానే లెక్క కట్టాడు. సోనికి పద్దెనిమిదే మిగిలేవి. జీపుకి ఇరవై నాలుగు. అంతా నీళ్ళపాలయ్యేది.

"అయ్యో పిచ్చి తల్లీ!" అన్నాడు. "మరి ముప్పై ఎలా వచ్చాయి?"

"ఇరవై పంపినాను," అంది ఈశ్వరమ్మ చుట్ట పొగ వదిలి.

"ఇరవయ్యా!"

"ఆ గుంట పేర్లడిగినప్పుడే తెలిసిపోనాది. ఎనిమిది పంపితే ఎనిమిదీ తిరిగొచ్చెత్తాయి. అందుకే ఇరవై."

"మరి నా కుర్చీ?"

"నీ కుర్చీ మీద సెయ్యేత్తానేటిరా? గింజలతో ఏసి సూసినాను. ఇరవై ఇచ్చి ఒక్కటీ తిరిగి రాకపోనా మన మిగులు ముప్పై ఎనిమిది. జీపుది ఇరవై నాలుగే. కుప్ప నిండకపోతే ఏటి, నిండని కుప్పే కదా పెద్ద మిగులు."

ఫల్గుణకు సిగ్గేసింది. డిగ్రీ రెండేళ్ళు చదివి, తొంభైతొమ్మిది అనగానే బెదిరిపోయాడు తను. గింజలు ముందు పెట్టుకుని కూడా చూడలేదు. ఆవిడ చూసింది. ఓట్లు సరే, ఓట్లు వేసే మనుషుల్ని కూడా లెక్కలో కలిపింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఆ తల తన్నే మనిషి తన ఇంట్లోనే చోళ్ళు చెరుగుతోందని నలభై ఏళ్ళకి తెలిసింది.

"అలాంటప్పుడు తిరిగి వెయ్యొద్దని అక్కడే వాళ్ళతో ఒక్క మాట చెప్తే పోయేది కదత్తా!"

ఈశ్వరమ్మ మేనల్లుడివంక జాలిగా చూసింది. "బదులొద్దంటే ఆ మనిసిని అడుక్కునేవాడి కింద కట్టినట్టురా. ఆళ్ళు కాళ్ళిరిగినా బస్తా ఇంకొకలికియ్యరు. ఆళ్ళతో ఆ మాట నేనెలగంతాను?"

"పోనీ ఇరవై అని నిజమే చెప్పొచ్చుగా?"

"ఇరవయ్యంటే ఇరవైకీ బదులేసెత్తారు. ఆళ్ళున్నదే పద్దెనిమిది మంది!"

ఫల్గుణ పకపకా నవ్వాడు. నవ్వుతూనే, ఎప్పుడూ ఏ పండక్కీ చెయ్యనివాడు, మేనత్త కాళ్ళకు దండం పెట్టాడు. మనస్ఫూర్తిగా పెట్టాడు.

సోని మాత్రం నవ్వలేదు. వేళ్ళు ముడుచుకుంటోంది.

"అయితే పెద్దమ్మా, ఇంకా పన్నెండు బదులు ఉండిపోనాయి," అంది. సోని తన వాళ్ళను పిలుచుకుని కొండవైపు బయల్దేరింది.

పల్పరు చింతగెడ్డ దగ్గర పెట్టాలని కమిటీ మొదటి మీటింగులోనే తీర్మానించింది. ముగ్గురు అవునన్నారు. సర్వేశ్వరరావు కాదన్నాడు గానీ, మిషన్ మోసుకురావడానికి తన జీపే ఇస్తానన్నాడు.

ఆ తరవాతి సోమవారం పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. ఫల్గుణ మేనత్త తోటలోని పాకకి వెళ్ళేసరికి ఆవిడ పొయ్యి మీద పెద్ద కుండ పెట్టి అంబలి కాస్తోంది. ఇంటి మనుషులు చూస్తే ఆవిడా, తనూ ఇద్దరే.

"ఎవరికత్తా ఇంత?"

"పన్నెండు మందికి. ఇయ్యాల నా తోట కోత."

అన్నంతలోనే కాలిబాట మీద మెట్టగుడ వాళ్ళు గంపలతో వరసగా కనిపించారు. ముందు సోని, కుంటుతూ. ఫల్గుణ వేలు చాపి లెక్కపెట్టాడు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ఆగాడు. చివర్న ఇంకొకావిడ ఉంది, మెట్టగుడలో వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్న ముసలావిడ.

"అత్తా, పదమూడు మంది!"

ఈశ్వరమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చి, తనూ ఒకసారి లెక్కపెట్టి చూసుకుంది. పదమూడే. సోని దగ్గరికి వచ్చి గంప దించింది. అప్పుడు నవ్వింది, ఆ మొహంలో ఫల్గుణ అలాంటి నవ్వు ఎన్నడూ చూడలేదు.

"ఒకలు ఎక్కువొచ్చినాం పెద్దమ్మా," అంది. "ఇప్పుడు మీకాడే మాది ఒక రోజు ఉండిపోనాది."

"దొంగ గుంట!" అంది ఈశ్వరమ్మ. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. లోవలో వాటాల మనిషిని లెక్కలో ఓడించిన మొదటి మనిషి సోనియే. "ఒరే ఫల్గుణా, కుండలో ఇంకో చెంబుడు నీళ్ళు పొయ్యి. పై సోమారం మనం కొండెక్కాల."